తుడిచే గుడ్డ గురించి నాలుగు మాటలు

నాయనా,

ల్యాబులో పరికరాల బాధ్యత నీకప్పగించారని తెలిసింది, సంతోషం. కాలిబ్రేషన్ (పరికరం కొలత సరిచూడటం) గురించి చెప్పేవాళ్లు నీకు చాలామందే ఉంటారు. నేను తుడిచే గుడ్డ గురించి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పీహెచ్ మీటరు మీద మార్కరు మరక కనబడితే, అసిటోన్ అనే ద్రావణిలో దూది ముంచి గట్టిగా రుద్దాను. మరక పోయింది. దాంతోపాటు నునుపూ పోయింది. కరిగి బంకైన చోట దూది పోగులు అతుక్కుని అలాగే ఎండిపోయాయి. ఆ బాడీ ఏబీఎస్ అనే ప్లాస్టిక్ అని తర్వాత తెలిసింది. అసిటోన్ దగ్గర ఏబీఎస్ గానీ పాలీస్టైరీన్ గానీ నిలవవు. డైక్లోరోమీథేన్, క్లోరోఫాం లాంటి ద్రావణులు యాక్రిలిక్, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌లనీ వదలవు.

ఇది కళ్లముందే జరిగే నష్టం, ఒక్కసారికే బుద్ధొస్తుంది. అసలు దొంగ వేరే ఉంది. రోజూ స్పిరిట్‌తో, అంటే ఆల్కహాల్‌తో, తుడిచే యాక్రిలిక్ మూత నెలల తరబడి బాగానే ఉంటుంది. ఒకరోజు వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే స్క్రూ రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు! అచ్చు పోసినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి, స్క్రూ బిగింపు ఒత్తిడి ఉన్న చోటే ఆల్కహాల్ దూరి చీలుస్తుంది. అడుగున ఒక చుక్క వేసి పరీక్షించమంటారు చూడు, అది కరుగుడుని పట్టిస్తుంది గాని ఈ పగుళ్లని పట్టించదు.

అందుకే ముందు మాన్యువల్ చూడు. అందులో లేకపోతే, విప్పిన మూత లోపలివైపు బాణం గుర్తుల మధ్య ఏబీఎస్ అనో పీసీ అనో అచ్చు ఉంటుందేమో వెతుకు. పీసీ అంటే పాలీకార్బొనేట్, దానికి అమ్మోనియా ఉన్న క్లీనర్లు పడవు. పాలీప్రొపిలీన్ మామూలు వేడిలో అసిటోన్‌కి తట్టుకుంటుంది గాని టోలీన్, జైలీన్ లాంటి ద్రావణులకి ఉబ్బుతుంది. ఏ ప్లాస్టికో తేలకపోతే గాఢత లేని సబ్బునీళ్లే వాడు.

ప్లగ్గు తీసి, గుడ్డని తడిపి, బాగా పిండి తుడువు. పరికరం మీదే స్ప్రే కొట్టేవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తడి గాలి రంధ్రాల్లోంచి లోపలి సర్క్యూట్ బోర్డు మీదికే పోతుంది. ద్రావణి ఒలికితే రుద్దకు, పొడి టిష్యూతో అద్ది తీసెయ్.

మూత తిరిగి పెట్టేటప్పుడు స్క్రూలు ఆగిన దగ్గరే వదిలెయ్, ఇంకో అర మలుపు తిప్పకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు