దుప్పి లాలాజలం, చిరుత లాలాజలం ఒకటేనా?

ప్రశ్న: విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలో ఎడతెగక నెమరువేస్తున్న దుప్పులను, మాంసాన్ని నమలకుండానే మింగుతున్న చిరుతను చూశాను. వీటి లాలాజల గ్రంథుల్లోని తేడా సూక్ష్మదర్శినిలో తెలుస్తుందా?
– డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: తెలుస్తుంది. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులద్దిన పలుచని కోతలో, నీరులాంటి స్రావాన్నిచ్చే కణాలు ముదురుగా, గుండ్రని కేంద్రకంతో కనిపిస్తాయి. జిగురునిచ్చే శ్లేష్మ కణాలు కడిగేసినట్టు పాలిపోయి, వాటి కేంద్రకం అడుగున అణిగిపోయి ఉంటుంది. నెమరువేసే జంతువుల్లో చెవి కింద ఉండే పెరోటిడ్ గ్రంథి దాదాపు పూర్తిగా మొదటి రకం కణాలతోనే నిండి, బైకార్బనేటు పుష్కలంగా ఉన్న పలుచని లాలాజలాన్ని ఎడతెరిపి లేకుండా స్రవిస్తూ, మొదటి పొట్టలో మేత పులియడం వల్ల పుట్టే ఆమ్లాన్ని విరుస్తుంది. ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా స్రవించగలదు. నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

కుక్క, పిల్లి కుటుంబాల్లో ఇదే గ్రంథిలో అక్కడక్కడా శ్లేష్మ కణాలు తగులుతాయి. మాంసం ముద్ద గొంతులో జారాలంటే జిగురు కావాలి కదా! నాలుక కింది గ్రంథి మాత్రం చాలా క్షీరదాల్లో ప్రధానంగా శ్లేష్మమయమే.

నా దృష్టిలో అన్నిటికన్నా విచిత్రమైనది అలుగు. దంతాలే లేని ఈ జీవి చీమలను, చెదలను నాలుకకు అంటించుకుని తింటుంది కాబట్టి, దాని లాలాజల గ్రంథులు బాగా పెరిగి, బంకలాంటి స్రావాన్నిస్తాయి.