వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్: పొలం అమ్మే ముందు

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. కల్లు గీస్తాడు. 14 నెలల కిందట తాటిచెట్టు మీంచి పడ్డాడు. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు కానీ నడుం కింద స్పర్శ లేదు, కాళ్లు కదలడం లేదు. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడుస్తాడని ఒక క్లినిక్ వాళ్లు 8 లక్షలు అడుగుతున్నారు. ఉన్న ఎకరం అమ్మమంటారా?
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: పొలం అమ్మకండమ్మా.

స్టెమ్ సెల్స్ అంటే వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు. వెన్నుపాములో తెగిన నరాల పోగులు వాటంతటవి అతుక్కోవు. దెబ్బ తగిలిన చోట మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. ఆ దారి తెరవడానికే ఇన్ని ప్రయోగాలు. జపాన్‌లోని కియో యూనివర్సిటీ వాళ్లు నలుగురికి ఐపీఎస్ కణాలు (మామూలు కణాలను ల్యాబులో వెనక్కి మార్చి తయారుచేసిన మూల కణాల నుంచి పెంచినవి) ఎక్కించి, 2025 మార్చిలో ఫలితాలు చెప్పారు. ఇద్దరు కొంత మెరుగయ్యారు, వారిలో ఒకరు ఆసరా లేకుండా నిలబడగలిగారు. అయితే వాళ్లకు కణాలు ఎక్కించింది దెబ్బ తగిలిన నాలుగు వారాల లోపే. పైగా చూసింది నలుగురినే, అది కణాల వల్లే వచ్చిన మార్పని కూడా గట్టిగా చెప్పలేం. 14 నెలలైన మీ తమ్ముడికి దాన్ని చూపించి ఆశ పెట్టడం అన్యాయం. ప్రమాదమూ ఉంది. మూల కణాలుండే ముక్కు లోపలి పొరను ఇలాంటి చికిత్సగా వెన్నులో పెట్టించుకున్న ఒకామెకు ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగి, ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది.

మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిబంధనల ప్రకారం ఈ చికిత్స ట్రయల్‌గా, అంటే అనుమతి తీసుకున్న ప్రయోగంగా మాత్రమే చేయాలి, ట్రయల్‌కు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐలో, అంటే దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో, వాళ్ల ట్రయల్‌కు ఇచ్చిన నంబరు చూపించమని ఆ క్లినిక్‌ను అడగండి.

పాత దెబ్బలకు నాకు ఎక్కువ ఆశ కనిపించేది కరెంటు పద్ధతిలో. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కోర్టీన్, బ్లాక్ అనే ఇద్దరి బృందం వెన్నుపాము పైన సన్నగా కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు అమర్చి, ఏళ్ల తరబడి కాళ్లు చచ్చుబడినవాళ్లను కూడా వాకర్ సాయంతో నడిపించింది. 2018లో ముగ్గురితో మొదటి ఫలితాలు వచ్చాయి. దానికి నెలల తరబడి కఠినమైన శిక్షణ కావాలి. ఇంకా మామూలు వైద్యంగా రాలేదు. అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతి వచ్చిన, చర్మం మీద పెట్టే కరెంటు పరికరం మెడ దెబ్బ తగిలినవాళ్ల చేతుల కోసం, కాళ్లకు కాదు.

అలాంటి చికిత్స వచ్చిన రోజున కీళ్లు బిగుసుకుపోయి, పిరుదుల మీద పుండ్లు ఉంటే దాన్ని వాడుకోలేం. కాబట్టి పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చండి, రోజూ కాళ్ల కీళ్లు కదిలించండి. మూత్రం నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో తీయడం డాక్టరు దగ్గర నేర్చుకోండి. చలిజ్వరం వస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మంచి వీల్‌చైర్, దాని మీదికి మంచి కుషన్ కొనండి, అక్కడ ఖర్చుకు వెనకాడొద్దు.

ఒకసారి రీహాబిలిటేషన్ డాక్టరుకు చూపించి మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు పరీక్ష చేయించండి. అక్కడ కొంచెం మిగిలి ఉన్నా నరం పూర్తిగా తెగలేదన్నమాట. గీత కార్మికులకు ప్రభుత్వం ఇచ్చే పరిహారానికి దరఖాస్తు పెట్టకపోతే, వికలాంగ సర్టిఫికెట్ తీసుకుని ఈ వారమే పెట్టండి.