మెడ విరిపించుకోవడం మానేయ్, చిన్నీ

చిన్నీ,

ఉద్యోగం వదిలేసి ఇంట్లోనే బొమ్మలు గీసి బతుకుతానన్నావని మీ అమ్మ ఏడుస్తూ చెప్పింది. నేను మాత్రం లోపల్లోపల పొంగిపోయాను. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది, రోజుకు పది గంటలు టాబ్లెట్ మీద వంగి మెడ దగ్గర్నుంచి భుజం దాకా లాగేస్తోందట, ఆదివారం ఎవరి దగ్గరికో వెళ్లి మెడ టకటకలాడించుకుంటావట. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

స్క్రీన్ కంటి ఎత్తుకి లేపుకో, అరగంటకోసారి లేచి నడు, వేడి కాపడం పెట్టుకో, ఎత్తు దిండు తీసేయ్. ఇవన్నీ నీకు తెలుసు, చెయ్యవంతే.

నా సంగతి విను. ముప్పై ఏళ్లు కుట్టు మిషన్ మీద వంగినదాన్ని. ఒకసారి వీపు మీద కుడి రెక్క ఎముక అంచున నొప్పి మొదలై భుజం మీదికి పాకింది. నొప్పి అక్కడుంటే జబ్బూ అక్కడే అనుకుని మూడు నెలలు భుజానికి బామ్ రుద్దాను. చిత్రం ఏంటంటే, చెయ్యి ఎత్తి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉండేది, అలాగే నిద్రపోయేదాన్ని. ఒకరోజు గుండీ కుడుతుంటే సూది జారింది. తీశాను, మళ్లీ జారింది. బొటనవేలూ చూపుడువేలూ నావి కానట్టున్నాయి. ఒప్పుకున్న పని పోతుందని అది కూడా దాచి ఇంకో నెల లాక్కొచ్చాను, మూర్ఖురాలిని. చివరికి డాక్టరు దగ్గర కూడా చెయ్యి నెత్తిన పెట్టుకునే కూర్చున్నా. ఆయన భుజం ముట్టుకోకుండానే మెడ సంగతి అడిగాడు. మెడలో ఉండే 7 ఎముకల్లో 5, 6 మధ్య డిస్క్, అంటే ఎముకల నడుమ ఉండే మెత్తటి దిండు, జరిగి నరాన్ని నొక్కుతోందట. ఆ నరం భుజం మీదుగా బొటనవేలి దాకా పోతుంది, చెయ్యి ఎత్తితే దాని మీద లాగుడు తగ్గుతుంది. అందుకే ఆ హాయి. ఆ వేళ్లలో పట్టు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

నీది అదే అనడం లేదు, భయపడకు. తల బరువు దాదాపు 5 కిలోలు, దాన్ని ముందుకు వేలాడదీస్తే మెడ వెనక కండరాలు రోజంతా మోయాలి, చాలామందికి నొప్పి అక్కడిదే. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మంచం ఎక్కి పడుకోకు, మెల్లగా మెడ తిప్పుతూ ఉండు, గడ్డం లోపలికి లాక్కుని ఐదు లెక్కపెట్టి వదులు. కానీ ఆ విరిపించుకోవడం మాత్రం వద్దు తల్లీ. గబుక్కున మెలిపెడితే మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం చీలే ప్రమాదం ఉంది. అరుదే, అయినా ఆ అరుదు నీకే రావచ్చు కదా!

చేతిలో పట్టు తగ్గినా, నడక తూలినా, మూత్రం మీద అదుపు పోయినా, జ్వరం తోడైనా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం కూడా ఉంటే అది మెడ గొడవ కాదు, క్షణం ఆగకుండా ఆసుపత్రికి.

ఇంతకీ వేళ్లేమైనా మొద్దుబారుతున్నాయా? ఏ చెయ్యి, ఏ వేలు, దాచకుండా ఇవాళే రాయి. మొదటిసారి డబ్బులొచ్చిన ఆ బొమ్మ ఫొటో కూడా పంపు, మెడ వంచకుండా ఫోన్ పైకెత్తి చూస్తాలే.

నీ పెద్దమ్మ