ప్రతిపక్ష భావన బెడిసికొట్టినప్పుడు

"నువ్వు దేనికీ పనికిరావు" అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ప్రతిపక్ష భావన (చెడు తలపుకు ఎదురు భావన చేసే యోగ సాధన) చేస్తున్నా అది రెట్టింపు బలంతో తిరిగి వస్తోందని, దీనికి మనసును అనేక భాగాల కుటుంబంగా చూసే ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ చికిత్సను జోడించవచ్చా అని మీరు అడిగారు. జోడించవచ్చు. అయితే ఏది ముందు, ఏది తరువాత అన్నది నాకు రెండేళ్లు తప్పుగా సాధన చేశాక గాని తెలియలేదు.

పతంజలి యోగసూత్రాల రెండవ పాదంలోని 33వ సూత్రం "వితర్కబాధనే ప్రతిపక్షభావనమ్" అంటుంది. చెడు తలపును మంచి తలపుతో అణచడమే దీని అర్థమనుకున్నాను. ఆఫీసు లెక్కల్లో చిన్న పొరపాటు దొర్లితే చాలు, లోపలి గొంతు రాత్రంతా సాధించేది. "నేను సమర్థుణ్ణి" అని జపించినకొద్దీ అది పాత తప్పులన్నీ తవ్వి తీసేది. తరువాతి సూత్రాన్ని నేను సరిగా చదవనే లేదు. హింస మొదలైనవి లోభం, క్రోధం, మోహం అనే ఏ మూలం నుంచి పుట్టాయో, అంతులేని దుఃఖాన్నీ అజ్ఞానాన్నీ ఎలా ఇస్తాయో చూడటమే ప్రతిపక్ష భావన అని అక్కడ ఉంది. జపం మాట అందులో లేదు.

ఆ మూలాన్ని చూసే పద్ధతి నాకు చికిత్సలో దొరికింది. కుటుంబ చికిత్సకుడైన రిచర్డ్ ష్వార్ట్జ్ 1980లలో రూపొందించిన ఈ విధానంలో లోపలి గొంతును శత్రువుగా కాక, ఏదో గాయానికి కాపలా కాస్తున్న భాగంగా చూస్తారు. "ఈ పని మానేస్తే ఏమవుతుందని నీ భయం?" అని దాన్నే అడగమన్నారు మా థెరపిస్ట్. పదో తరగతి మార్కులను చుట్టాల ముందు నాన్నగారు చదివి వినిపించిన సాయంత్రం గుర్తొచ్చింది. ఇతరులు తిట్టకముందే తానే తిడితే నొప్పి తగ్గుతుందని ఆ భాగం నమ్మకం. సరే, ఇక దాన్ని వదిలించుకుందామని నేనంటే, "వదిలించుకోవాలంటున్నది కూడా ఒక భాగమే కదా" అన్నారావిడ. యోగసూత్రాల మొదటి పాదంలోని "వృత్తిసారూప్యమ్" (మనసులో కదిలే తలపులే తాననుకోవడం) అన్న మాట నాకు ఆ రోజే అర్థమైంది.

అప్పటినుంచి ప్రాణాయామం తరువాత పది నిమిషాలు ముందుగా ఆ గొంతును వింటాను. దుఃఖితులపై చూపమని పతంజలి చెప్పిన కరుణను ఆ పదో తరగతి పిల్లవాడి మీద నిలుపుతాను. ప్రతిపక్ష భావన ఆ తరువాతే. పతంజలి చెప్పే ద్రష్ట, అంటే లోపల చూసేవాడు, కేవలం సాక్షి. ష్వార్ట్జ్ చెప్పే సెల్ఫ్, అంటే ఈ భాగాల వెనక ఉన్న అసలు నేను, ఆ భాగాలతో మాట్లాడుతుంది, ఓదారుస్తుంది. రెండూ ఒకటేననే వారితో నేను ఏకీభవించను. చిన్ననాటి హింస జ్ఞాపకాలు పైకి వస్తుంటే మాత్రం ఒంటరిగా చేయకండి, శిక్షణ పొందిన థెరపిస్ట్ దగ్గరే చేయండి.

ఆ గొంతు మార్చి నెలాఖరులో ఇప్పటికీ వస్తుంది. "ఏం గమనించావు?" అని అడుగుతాను, ఒక్కోసారి నిజంగానే ఏదో అంకె తప్పి ఉంటుంది.