ఇరవై గుమ్మాలు, ఒకే వసారా

గత సంచికలో ఒక ఫోటో వేశాం. బోర్నియో దీవిలో, మలేసియాకు చెందిన సరవాక్ రాష్ట్రంలో, నది ఒడ్డున ఊరంతా ఒకే కప్పు కింద ఉండే ఇబాన్ ప్రజల పొడవాటి ఇల్లు అది. దాన్ని చూసి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఊరంతా ఒకే ఇంట్లో ఉంటుందంటే అది మన పాతకాలపు ఉమ్మడి కుటుంబమేనా? అలా కట్టుకోవలసిన అవసరం ఏమిటి?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: కాదండీ. మన మండువా లోగిలిలో ఎన్ని గదులున్నా వంటిల్లు ఒకటే, పంటంతా ఒకే గాదెలోకి చేరేది. ఇబాన్ ఇంట్లో మాత్రం ఇరవై గుమ్మాలుంటే ఇరవై సంసారాలున్నట్లే. ఒక్కో గుమ్మం వెనుక ఉండే భాగాన్ని బిలిక్ అంటారు. దాని పొయ్యి, దాని పొలం, దాని ధాన్యం, దాని అప్పు అన్నీ దానివే. గుమ్మాల ముందు ఇంటి ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగే వసారా పేరు రువాయ్. ఎవరి గుమ్మం ఎదుటి భాగాన్ని వారే కట్టుకుని బాగుచేసుకుంటారు గాని, అక్కడ నడవడానికీ కూర్చోవడానికీ ఎవరికీ అడ్డు లేదు. చాపలు అల్లుకోవడం, వలలు బాగుచేసుకోవడం, తగవులు తీర్చుకోవడం అన్నీ అక్కడే జరుగుతాయి. తగవులు తీర్చే పెద్దను తువాయ్ రుమా అంటారు. ఆయన జమీందారు కారు, అందరిలాగే తన పొలం తాను చేసుకునే మనిషి.

మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. ప్రతి బిలిక్‌లోనూ పిల్లల్లో ఒకరు పెళ్లి తరువాత కూడా ఆ ఇంట్లోనే నిలిచిపోవాలి, కొడుకైనా కూతురైనా సరే. కోడలు వచ్చి చేరినా అల్లుడు వచ్చి చేరినా మర్యాద ఒకటే. ఇల్లరికం అన్న మాటకు మన దగ్గర అంటుకున్న చిన్నచూపు అక్కడ లేదు, మనకూ ఉండవలసిన అవసరం లేదని నా గట్టి నమ్మకం.

ఇక కారణం. ఇబాన్ల పూర్వీకులు నేటి ఇండోనేసియాలోని కపువాస్ నదీ ప్రాంతం నుంచి 16వ శతాబ్ది ప్రాంతంలో కొండలు దాటి సరవాక్‌లోకి వచ్చారు. 19వ శతాబ్దిలో వారిలో చాలామంది రజాంగ్ నది వెంట పైకి విస్తరించారు. కొత్త అడవిలోకి వెళ్లిన ప్రతిచోటా పోరు తప్పలేదు, శత్రువుల తలలు నరికి తెచ్చే దాడులు సాగిన కాలంలో విడిగా ఇల్లు కట్టుకున్నవాడికి రక్షణ లేదు. అందుకే ఎత్తైన గుంజల మీద అందరూ ఒకేచోట కట్టుకున్నారు, గంట్లు కొట్టిన దుంగనే నిచ్చెనగా వాడుకుని ప్రమాద సమయంలో దాన్ని పైకి లాగేసుకునేవారు. 1841లో సరవాక్‌కు రాజా అయిన ఆంగ్లేయుడు జేమ్స్ బ్రూక్ కుటుంబం 1946 దాకా పాలించింది, ఆ కాలంలోనే దాడులు అణిగిపోయాయి. అయినా ఇల్లు విడిపోలేదు. పొలం పనిలో ఒకరికొకరు బదులు పని చేసుకోవడం, ఆపదలో పిలిస్తే పలికే దూరంలో ఉండడం వారికి అలవాటైపోయింది.

దీని విలువ నాకు 1986లో తెలిసింది. ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి మా లంకను ముంచినప్పుడు, ఎత్తు పునాది ఉన్న ఒక్క ఇంటి అరుగు మీదికి తొమ్మిది కుటుంబాలు చేరాయి. నాటు పడవను అరుగు స్తంభానికే కట్టాం. ఇటుక ముక్కలు పేర్చి తొమ్మిది పొయ్యిలు పెట్టుకున్నాం. ఎవరి గంజి వారిదే, కాని తడవని అగ్గిపెట్టె ఒక్కటే ఉండడంతో మూడు రోజులూ అది చేతులు మారుతూనే ఉంది.

ప్రశ్న: వారి బతుకుతెరువు ఏమిటి? నది పక్కనే ఉన్నారు కదా, మనలాగే వరి మళ్లు చేస్తారా?
– ఒక లంక రైతు, పి.గన్నవరం మండలం

జవాబు: వరే వారి ప్రాణం, కాని ఎక్కువగా మెట్ట వరి. పాపికొండల్లో కొండరెడ్లు చేసే పోడు వంటిదే: అడవి కొట్టి, కాల్చి, మగవారు కర్రలతో గుంటలు పొడుస్తూ పోతే ఆడవారు వెనుకే గింజలు వేస్తూ వస్తారు. ఒకటి రెండు పంటల తరువాత నేలను అడవికి వదిలేస్తారు. ప్రతి బిలిక్‌కూ పాది పున్ అనే తనదైన పవిత్ర విత్తనం ఉంటుంది. తరాల తరబడి దాన్ని తెగిపోకుండా కాపాడుకుంటారు.

20వ శతాబ్దిలో రబ్బరు, మిరియాలు వచ్చి చేతిలో రొక్కం ఆడింది. మలేసియాలో పండే మిరియాలలో అత్యధిక భాగం సరవాక్‌వే. తెల్ల మిరియాల కోసం పండిన గింజలను గోనెసంచుల్లో కట్టి పారే నీటిలో రోజుల తరబడి నానవేస్తారు. పైతోలు కుళ్లి మెత్తబడ్డాక తొక్కి, కడిగి, ఇంటి ముందు తంజు అనే బయలు వేదిక మీద ఆరబోస్తారు. కొబ్బరి డొక్కలు నానబెట్టి పీచు తీసే మన వారికి ఆ వాసన కొత్త కాదు. నది వారికి చేపలిస్తుంది, అంతకు మించి అదే దారి. రోడ్డు చేరని ఊళ్లకు పడవే బస్సు. యువకులు దూరదేశం వెళ్లి సంపాదించుకురావడాన్ని బెజాలాయ్ అంటారు, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినట్లు.

భూమి విషయంలో బాధ ఉంది. 1985లో పూర్తయిన బాతాంగ్ ఆయ్ ఆనకట్ట కింద పొడవాటి ఇళ్లెన్నో మునిగి, వారు వేరేచోటికి తరలవలసి వచ్చింది. అక్కడి చట్టం 1958 జనవరి 1కి ముందు సాగులోకి తెచ్చిన నేలపైనే ఆచారపు హక్కును ప్రధానంగా గుర్తిస్తుంది. మన అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబరు 13 గడువైనట్లే ఇదీను. తాత కొట్టిన పోడుకు కాగితం చూపించమంటే మనవడు ఎక్కడి నుంచి తెస్తాడు?

ప్రశ్న: మా అబ్బాయి సరవాక్‌లోని బింటులు పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. తోటి ఉద్యోగి జూన్ పండుగకు తమ పొడవాటి ఇంటికి రమ్మన్నాడట. ఎలా మసలుకోవాలో చెప్పగలరా?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: తప్పక వెళ్లమనండి, అమ్మా. జూన్ 1న జరిగే ఆ పండుగ గవాయ్ దయాక్, కోతలు ముగిశాక చేసుకునేది. మన సంక్రాంతికి తాళాలు తీసినట్లే అక్కడ కూడా పట్నాల నుంచి వచ్చినవారు తమ బిలిక్ తలుపులు తీస్తారు. చెప్పులు విప్పి రువాయ్ మీద కూర్చోవాలి, పిలవనిదే ఎవరి బిలిక్‌లోకీ వెళ్లకూడదు. బియ్యాన్ని పులియబెట్టి చేసిన తువాక్ అనే మద్యం ఇస్తారు. తాగే అలవాటు లేకపోతే ఫరవాలేదు, వేలితో గిన్నెను తాకి పెదవులకు అద్దుకుంటే చాలు. పెట్టినదాన్ని తాకనైనా తాకకుండా వెళ్లినవారికి దారిలో కీడు జరుగుతుందని వారి నమ్మకం, దాన్ని కెంపునాన్ అంటారు. మీ అబ్బాయి వెళ్లేటప్పుడు మన పూతరేకులు ఒక పెట్టె పట్టుకెళ్లమనండి; ఒక్క బిలిక్‌కు కాకుండా అన్ని గుమ్మాలకూ సరిపడా.