తిత్లీకి కూలిన కొబ్బరి తోట: ముందు దుంగల సంగతి చూడండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. రెండెకరాల్లో 110 కొబ్బరి చెట్లు ఉండేవి. తిత్లీ తుపానుకు 60 దాకా విరిగో, వేళ్లతో లేచిపోయో పడిపోయాయి. 50 నిలబడ్డాయి గానీ వాటిలో కొన్నిటి తల మెలితిరిగింది, కొన్ని ఒరిగాయి, అన్నిటికీ మట్టలు విరిగి వేలాడుతున్నాయి. ఇవి కూడా కొట్టించేసి సరుగుడు వేసుకోమని కొందరు అంటున్నారు. నష్టం రాసుకునేవాళ్లు వచ్చేదాకా పడిన చెట్లను కదపొద్దని ఇంకొందరు. మా ఆయన గల్ఫ్‌లో ఉన్నారు. కూలీలు దొరకడం లేదు. కరెంటు రాలేదు, బోరు నడవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదండీ.
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140–150 కిలోమీటర్ల వేగంతో వీచింది, విసురుగా 165 దాకా వెళ్లింది. అంత గాలికి ఇసుక నేలలో ఎత్తుగా పెరిగిన చెట్టు పడిపోవడంలో మీ పెంపకం లోపం ఏమీ లేదు. ఇక మిగిలిన 50 చెట్ల విషయానికి వద్దాం. వాటిని కొట్టించకండి. కొత్తగా నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఇప్పుడు నిలిచి ఉన్న ప్రతి చెట్టూ ఆ ఆరేడేళ్లు మీ ఇంటికి ఆధారం.

ఏ చెట్టు బతుకుతుందో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. కొబ్బరికి ప్రాణమంతా మొవ్వులోనే, అంటే తలలో కొత్త ఆకులు పుట్టే చోటే ఉంటుంది. విచ్చుకోకుండా నిటారుగా ఉన్న లేత ఆకు మీద, దాని పక్క మట్ట ఎత్తుకు సరిగ్గా, ఎర్ర రంగుతో ఒక గీత గీయించండి. మంచి చెట్టు ఏడాదికి 12 నుంచి 14 ఆకులు, అంటే దాదాపు నెలకు ఒకటి వేస్తుంది. మూడు నాలుగు వారాల తర్వాత ఆ గీత పక్క మట్టను దాటి పైకి జరిగి ఉంటే మొవ్వు బతికే ఉంది, ఆ చెట్టు కోలుకుంటుంది. గీత కదలకపోయినా, లేత ఆకు లాగితే ఊడొచ్చి చెడు వాసన వేసినా మొవ్వు కుళ్లు పట్టినట్టే. తొలి దశలోనే కనబడితే కుళ్లిన భాగం శుభ్రంగా చెక్కించి, 1 శాతం బోర్డో మిశ్రమం మొవ్వులో పోయాలి. 100 గ్రాముల మైలుతుత్తం 5 లీటర్ల నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో 5 లీటర్లలో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోస్తూ కలపండి. ప్లాస్టిక్ బకెట్లు వాడండి, ఇనుప పాత్రలు వద్దు. మొవ్వు విరిగిపడిన చెట్టు మాత్రం మళ్లీ చిగురించదు. వాటిమీద ఖర్చు పెట్టవద్దు.

పచ్చగా ఉన్న మట్టలు వేలాడుతున్నా, అవి పూర్తిగా విరిగిపోకపోతే ఉంచండి. చెట్టుకు తిండి తయారయ్యేది వాటిలోనే. కోయక తప్పని మట్టను కాండానికి ఆనుకుని నరకకుండా మూడు నాలుగు అడుగుల మోడు వదలమనండి. పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. అది లోపల తొలుస్తున్న సంగతి బయటికి తెలిసేసరికి చెట్టు చేయి దాటిపోతుంది. కాండం మీద గాయాలుంటే బోర్డో పేస్టు (అదే మందు చిక్కగా కలిపింది) పూయించండి.

ఒరిగిన పెద్ద చెట్లను తాళ్లు కట్టి లాగించవద్దు, మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి. చెట్టు మొదలు చుట్టూ మట్టి ఎగదోసి వదిలేస్తే తల తనంతట తనే మెల్లగా పైకి తిరుగుతుంది. ఐదేళ్లలోపు మొక్కలుంటే వెంటనే నిలబెట్టి, ఊతకర్రలు కట్టి, మట్టి తొక్కించండి. ఇంటి మీదికో దారి మీదికో ఒరిగిన చెట్టును తీయించేయడమే మంచిది. కరెంటు తీగల మీద ఒరిగిన దాని దగ్గరకు మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి. లైన్‌మన్ వచ్చి సప్లై ఆపాడని తేలాకే పని మొదలుపెట్టాలి.

నాకు ఎక్కువ ఆందోళనగా ఉన్నది పడిన 60 చెట్ల గురించి. అవి అక్కడే మాగితే వచ్చే వానాకాలానికి మీ మిగిలిన 50 చెట్లకు ముప్పు వాటి నుంచే వస్తుంది. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది కుళ్లుతున్న కొబ్బరి దుంగల్లో, పెంటకుప్పల్లో. ఒక్కో ఆడ పురుగు నూటికి పైగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు నాలుగైదు నెలలు ఆ కుళ్లు తింటూ పెరిగి, పెంకు పురుగై ఎగిరి వచ్చి బతికి ఉన్న చెట్ల మొవ్వు తొలుస్తుంది. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనబడేది దాని పనే. తుపాను తర్వాత ఈ పురుగు విజృంభించడం కొబ్బరి పండే చాలా చోట్ల చూసిందే. ఇప్పటికే దెబ్బతిన్న చెట్టు ఈ రెండో దెబ్బకు తట్టుకోవడం కష్టం.

నష్టం రాసుకునేదాకా కదపొద్దన్న మాట నేనూ విన్నాను. పరిహారం పోతుందేమోనన్న మీ భయం న్యాయమైనదే. అందుకని ముందు ఫోన్‌తో ప్రతి చెట్టుకూ ఫొటో తీయించండి, తోట మొత్తం కనబడేలా నాలుగు వైపుల నుంచీ తీయించండి. ప్రతి మొదలు మీదా రంగుతో 1 నుంచి 60 దాకా నంబర్లు వేయించండి. ఆ ఫొటోలు, నంబర్ల లెక్క ఉద్యాన శాఖ అధికారికి, రెవెన్యూ వాళ్లకు చూపించి, దుంగలు తీస్తున్నామని రాసి ఇవ్వండి. నంబరు వేసిన మొదళ్లు లెక్క ముగిసేదాకా అలాగే ఉంచితే అవే సాక్ష్యం. లెక్క రాసుకుని వెళ్లాక వాటిని నేలమట్టానికి కోయించి మట్టి కప్పించండి.

ముదురు చెట్ల దుంగలకు చేవ ఉంటుంది. తాజాగా ఉన్నప్పుడే కోయిస్తే పశువుల పాకకు, వాసాలకు, కంచెకు పనికొస్తాయి. అమ్ముడుపోని వాటిని ముక్కలు చేసి నిలువునా చీల్చి ఎండబెడితే వంటచెరకు అవుతుంది. చీల్చకుండా గుట్ట పోస్తే మాత్రం ఎండవు, పురుగుకు ఇల్లవుతాయి. తలలు, మట్టలు, పిందెలు గుంటలో వేసి ఎరువు చేసుకోవచ్చు గానీ ఆ గుంటలో మెటారైజియం అనే శిలీంద్రం పొడి కలపాలి. అది పిల్ల పురుగులకు జబ్బు తెప్పించి చంపుతుంది, మనుషులకూ పశువులకూ హాని లేదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో తయారవుతుంది, మీ ఉద్యాన అధికారి ద్వారా అడిగించండి.

ఇది ఒక్క తోటతో అయ్యే పని కాదమ్మా. పక్క తోటలో దుంగలు కుళ్లుతుంటే పురుగు ఎగిరి మీ తోటకే వస్తుంది. మగవాళ్లు వలస వెళ్లిన ఇళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటాయి. నలుగురైదుగురు కలిసి ఒక రంపం మిషన్ అద్దెకు మాట్లాడుకుని వరసగా ఒక్కో తోట చేయించుకుంటే కూలి ఖర్చూ తగ్గుతుంది, ఊరంతా ఒకేసారి శుభ్రపడుతుంది. మీ మహిళా సంఘంలో ఈ మాట పెట్టండి.

బోరు గురించి చెప్పాలంటే, పెద్ద చెట్లకు ఇప్పుడు నీళ్ల తొందర లేదు, నేలలో తడి ఉంది. ముందు తాగే నీళ్ల సంగతి చూసుకోండి. కరెంటు లేక శుద్ధి నీటి ప్లాంట్లు ఆగితే, కిడ్నీ జబ్బులతో ఇప్పటికే నలిగిపోతున్న మీ ఉద్దానం ప్రాంతానికి అది చిన్న ఇబ్బంది కాదు. జనరేటర్‌తో ప్లాంటు నడిపించమని, లేదా ట్యాంకర్ పంపమని పంచాయతీని గట్టిగా అడగండి. కరెంటు వచ్చిన వెంటనే మోటారు ఆన్ చేయకండి. స్టార్టర్ తడిసి ఉంటుంది, మూడు ఫేజులూ సరిగా వస్తున్నాయో లేదో మెకానిక్ చూశాకే వేయాలి.

కొత్త ఆకు రావడం మొదలయ్యాక ఎరువు వేయండి. చెట్టుకు ఏడాదికి యూరియా 1.1 కిలో, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 2 కిలోలు కావాలి. ఇసుక నేల కాబట్టి ఒకేసారి వేయకుండా కనీసం రెండు దఫాలుగా, తడి ఉన్నప్పుడు వేయాలి. కాపు మాత్రం వెంటనే రాదు. గెల విచ్చుకున్నాక కాయ ముదరడానికే దాదాపు 12 నెలలు పడుతుంది. ఏడాది, రెండేళ్లు దిగుబడి తగ్గితే చెట్టు పనికిరాదని కొట్టించేయవద్దు.

ఈలోగా నీడ పోయిన చోట ఎండ బాగా పడుతుంది కాబట్టి నేలలో తడి ఆరకముందే ఉలవ గానీ పెసర గానీ చల్లుకోండి. నీళ్లు అందాక కూరగాయలు, అరటి వేసుకోవచ్చు. సరుగుడు వేయాలన్న ఆలోచన చెడ్డది కాదు గానీ దాన్ని కొబ్బరి చోట కాకుండా సముద్రం వైపు గట్టు మీద రెండు మూడు వరసలుగా వేస్తే గాలి ఉరవడి తగ్గిస్తుంది. ఖాళీల్లో కొబ్బరి మొక్కలు వచ్చే తొలకరికి నాటుకుందురుగాని. 9 నుంచి 12 నెలల వయసు, మొదలు లావుగా, ఐదారు ఆకులున్న మొక్కలే తీసుకోండి. మీటరు లోతు గుంట తీసి, అడుగున కొబ్బరి పీచు పరిచి, మొక్కను నేలమట్టానికి రెండడుగుల కింద ఉండేలా పెట్టండి. ఎదిగే కొద్దీ గుంట పూడ్చుకుంటూ వస్తే మొదలు లోతుగా పాతుకుంటుంది.