బండి ఆయిల్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇంజన్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని అడిగావు. షెడ్డులో ఒకాయన 2,000కే మార్చమన్నాడనీ, ఇంకొకాయన 6,000 దాకా ఫరవాలేదన్నాడనీ రాశావు. నీ బండి రోజంతా ఎలా తిరుగుతుందో వాళ్ళిద్దరూ అడగలేదు. నీ స్ప్లెండర్‌తో వచ్చే పుస్తకంలో 6,000కు మార్చమని, మధ్యలో 3,000 దగ్గర లెవెల్ చూసి తగ్గినంత పోయమని ఉంటుంది. అది ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్ళొచ్చే బండికి సరిపోయే లెక్క. నువ్వు పొద్దున్నుంచి రాత్రి దాకా డెలివరీకి తిప్పుతున్నావు కాబట్టి నీకు 3,000. ఊళ్ళో మీ నాన్న బండికి అసలు కిలోమీటర్లు చూడక్కర్లేదు, ఆరు నెలలకోసారి మార్చెయ్యాలి. రెండూ ఒకే ఇంజన్లు, లెక్కలు మాత్రం వేరు. ఎందుకో తెలిస్తే రేపు వేరే బండి కొన్నా ఎవరినీ అడిగే పని ఉండదు.

ముందు నీ బండి సంగతి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో మీటరు తిరగకపోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర, హోటల్ ముందు, ఫ్లైఓవర్ కింద జాములో మొదటి గేరు, రెండో గేరులోనే సగం రోజు గడిచిపోతుంది. గాలి తగిలితేనే చల్లబడే ఇంజన్ అది, నిలబడి ఉన్నప్పుడు గాలి ఎక్కడిది? ఆ వేడికి ఆయిల్ మాడుతుంది. దానికితోడు కార్లలోలా కాకుండా మన బండిలో ఇంజన్‌కీ, క్లచ్‌కీ, గేర్‌బాక్సుకీ అదే ఆయిల్. గేరు పళ్ళ మధ్య నలిగి నలిగి చిక్కదనం పోయి పలచబడుతుంది. ఆ తేడా మొదట తెలిసేది కాలికి. గేరు టక్కుమని గట్టిగా పడుతుంది, ఆగినప్పుడు న్యూట్రల్ ఒక పట్టాన దొరకదు. క్లచ్ కేబుల్ సరిగ్గానే ఉండి, రెండు వారాల క్రితం మెత్తగా పడిన గేరు ఇప్పుడు మొరాయిస్తుంటే 3,000 నిండకపోయినా మార్చెయ్యి.

నల్లబడింది కదా అని మాత్రం మార్చకు. ఇంజన్ లోపలి మసిని కడిగి తనలో కలుపుకోవడం ఆయిల్ చేయాల్సిన పనే, మంచి ఆయిల్ 500 కిలోమీటర్లకే నల్లబడుతుంది. రంగు చూపించి మార్పించే షెడ్డు మాట నమ్మొద్దు. రంగులో భయపడాల్సింది ఒకటే, పాలు కలిపిన టీ రంగు. దాని సంగతి కింద చెప్తాను.

అన్నిటికన్నా ముఖ్యం లెవెల్ చూసుకోవడం, అల్లుడూ. ఇది మనసులో పెట్టుకో. చిన్న బండి ఇంజన్లు పాత ఆయిల్ వల్ల పోవడం తక్కువ, తక్కువ ఆయిల్ వల్ల పోవడం ఎక్కువ. నీ బండిలో పట్టేది మోడల్‌ను బట్టి 800 నుంచి 900 మిల్లీలీటర్లు. 50,000 దాటిన బండిలో పిస్టన్ రింగులు, వాల్వు సీళ్ళు కాస్త అరిగి 1,000 కిలోమీటర్లకు ఒక 100 మిల్లీలీటర్లు తాగడం వింత కాదు. పొగ కూడా కంటికి ఆనదు. కానీ 3,000 తిరిగేసరికి 300 పోయినట్టే, అంటే మూడో వంతు లేదు. మిగిలిన కాస్తా ఇంకా త్వరగా కాగుతుంది, బండి వాలినప్పుడు పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. పంపుకు అన్నిటికన్నా దూరంలో ఉండేది ఇంజన్ పైన హెడ్డులో వాల్వులను తెరిచే క్యామ్, రాకర్లు, కాబట్టి ముందు అవే ఎండుతాయి. క్యామ్ మీద గుంటలు పడి టకటక మొదలైతే టప్పెట్లు ఎన్నిసార్లు సెట్ చేయించినా ఆ శబ్దం తగ్గదు.

అందుకని వారానికోసారి లెవెల్ చూడు. బండిని సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వెయ్యి. సైడ్ స్టాండ్ మీద చూస్తే తప్పు చూపిస్తుంది. ఇంజన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగు. కుడివైపు ఉన్న గేజి మూత తీసి గుడ్డతో తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే రంధ్రంలో ఆనించి తీసి చూడు. తిప్పి బిగించి చూస్తే గేజి ఇంకా లోపలికి దిగి, తక్కువున్న ఆయిల్ కూడా సరిపడా ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు. కింది గీతకు దగ్గరైతే అదే గ్రేడు ఆయిల్ 50 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ చూసుకో. పై గీత దాటించకు. ఎక్కువైన ఆయిల్‌ను లోపల గిరగిరా తిరిగే క్రాంకు చిలికితే నురగ వస్తుంది, ఇంజన్ లోపలి ఆవిరి పోయే బ్రీదరు గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎగదన్నుతుంది, సీళ్ళ దగ్గర కారుతుంది.

ఇక బావ బండి, అంటే మీ నాన్నది. పొలానికి రెండు కిలోమీటర్లు వెళ్ళడం, రావడం. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాడు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది, అందులో కొంత రింగుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ తడి ఆవిరై బయటికి పోతుంది, వేడెక్కకపోతే ఆయిల్‌లోనే ఉండిపోయి మెల్లగా బేరింగులను, గేరు పళ్ళను తినేస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఆయన బండి గేజి మూత అడుగున వేలు పెట్టి చూడు. మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే సంగతి అదే. పైగా అది కార్బురేటర్ బండి. చోక్ లాగి వదలకుండా తిప్పితే మండని పెట్రోలు బోరు గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. గేజి మీద లెవెల్ తగ్గకపోగా పెరిగిందంటే, వాసన చూస్తే పెట్రోలు కొడుతోందంటే, ఆ పూటే మార్చాలి, కార్బురేటర్‌లో పెట్రోలు నిండగానే ఆపే ఫ్లోట్ సూది కూడా చూపించాలి. రాత్రి పెట్రోల్ ట్యాపు కట్టమని చెప్పు. వారానికోసారి మండలం దాకా 15, 20 నిమిషాలు ఆపకుండా నడిపితే సగం రోగం పోతుంది. అయినా ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చాల్సిందే, మీటరు 1,000 చూపించినా సరే.

ఏ ఆయిల్ అంటావా? కంపెనీ పేరు కన్నా డబ్బా మీద రాసింది చదువు. స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30, జాసో ఎంఏ (జాసో అంటే జపాన్ వాళ్ళ ప్రమాణం, ఎంఏ అంటే క్లచ్ ఆయిల్‌లో మునిగే బండ్లకు). మొదటి అంకె చల్లటి ఇంజన్‌లో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది, రెండోది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తుంది. ఎండాకాలం కదా అని 20డబ్ల్యూ-50 పోయిస్తామంటే వద్దను. పల్సర్ 150కి అది సరే, ఆ ఇంజన్‌కు అదే చెప్పారు. నీ ఇంజన్‌లో మాత్రం పొద్దున స్టార్ట్ చేయగానే హెడ్డుకు చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉండాలి. ఎంబీ అంటే స్కూటర్లకు, వాటి క్లచ్ ఆయిల్‌లో మునగదు. స్కూటర్ ఆయిల్, కారు ఆయిల్ మన బండిలో పోస్తే వాటిలోని జారుడు మందుల వల్ల క్లచ్ ప్లేట్లు పట్టు తప్పుతాయి. ఎక్సలేటరు ఇస్తే శబ్దం పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. సింథటిక్ మంచిదే, వేడికి బాగా తట్టుకుంటుంది. కానీ నీ వాడకానికి ఖరీదైనది పోసి 6,000 లాగడం కన్నా మామూలు మినరల్ ఆయిల్ 3,000కు మార్చడమే మేలంటాను. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ జోలికి పోకు. సీలు నీ కళ్ళ ముందు తీయించు, ఖాళీ డబ్బాకు కత్తితో గాటు పెట్టి వదిలెయ్యి. బాగున్న డబ్బాలు మళ్ళీ నకిలీ ఆయిల్‌తో నిండి వస్తాయి.

ఫిల్టరు కూడా అడిగావు. స్ప్లెండర్‌కు కొని మార్చే కాగితం ఫిల్టరు లేదు. క్రాంకు చివర తిరుగుతూ మురికిని అంచులకు విసిరి పట్టే ఫిల్టరొకటి, అడుగున ఇనుప జాలీ ఒకటి ఉంటాయి. వాటిని కడగాలంటే ఆయిల్ తీసి, కిక్ రాడ్డు విప్పి, కుడివైపు కవరు తీయాలి. ప్యాకింగు కొత్తది వేయాలి. అందుకే షెడ్లలో దాన్ని వదిలేస్తారు. 12,000కోసారి పట్టుబట్టి చేయించు, ఫిల్టరు మూత తీసినప్పుడు దగ్గరుండి చూడు. నల్లటి మైనంలా పేరుకున్న మడ్డి గోకితే వస్తుంది. ఆ ఫిల్టరు పట్టకపోతే అదంతా నీ ఆయిల్‌లోనే తిరిగేది.

నీ స్నేహితుడి పల్సర్‌కు, ఎన్‌ఫీల్డ్‌కు కాగితం ఫిల్టరు ఉంటుంది. ఒకసారి వదిలి ఒకసారి మార్చే పద్ధతి కొందరిది, నేనైతే ఆయిల్‌తో పాటే ప్రతిసారీ మార్చమంటాను. పాత ఫిల్టరు నిండా పాత ఆయిలే ఉంటుంది, పోసిన కొత్త ఆయిల్ దానితో కలుస్తుంది. పూర్తిగా పూడుకుంటే చాలా ఇంజన్లలో బైపాస్ దారి తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళ్తుంది. పాతది లాగే ముందు ఏ వైపు లోపలికి ఉందో, స్ప్రింగు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీయమను. తిరగేసి పెడితే పై భాగాలకు ఆయిల్ అందకపోవచ్చు. ఓ-రింగులు కూడా కొత్తవి వేయాలి.

మార్చే పని నువ్వే చేసుకోవచ్చు, అరగంట కూడా పట్టదు. ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి ఆపు. గోరువెచ్చగా ఉంటేనే మురికి ఆయిల్‌తో పాటు కిందికి దిగుతుంది, మరీ కాలి ఉంటే చెయ్యి కాలుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, కింద ట్రే పెట్టి, గేజి మూత విప్పు. ఇంజన్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టుకు 17 నంబరు రింగు పానా వెయ్యి. అటూ ఇటూ జారే స్క్రూ పానా వద్దు, తల గుండ్రమైపోతుంది. పది నిమిషాలు చుక్కలు ఆగే దాకా వదిలెయ్యి. మిగిలింది కక్కించడానికని ఆయిల్ లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయకు, కిరోసిన్ పోసి కడగకు. లోపల మిగిలే కిరోసిన్ కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

బోల్టు చివర అంటిన దాన్ని వేళ్ళ మధ్య రుద్ది చూడు. బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలే. గోటికి తగిలే పలుకులు, రేకులు ఉంటే బండి నడపకుండా మెకానిక్‌కు చూపించు. వాషరు ప్రతిసారీ కొత్తది, పది ఇరవై రూపాయలకు కక్కుర్తి పడితే చుక్కలు కారుతూనే ఉంటాయి. బోల్టు ముందు వేళ్ళతో చివరిదాకా ఎక్కించి, తర్వాత పానాతో ఒక పట్టు పట్టు చాలు. కేసు అల్యూమినియం. కాలుతో తొక్కి బిగిస్తే థ్రెడ్లు ఊడి వస్తాయి, ఆ రిపేరు ఏడాది ఆయిల్ ఖర్చును మింగేస్తుంది. 750 మిల్లీలీటర్లు పోసి, రెండు నిమిషాలు నడిపి ఆపి, పైన చెప్పినట్టు లెవెల్ చూసి మిగతాది సరిపెట్టు. తేదీ, మీటరు అంకె సీటు కింద స్టిక్కరు మీద రాసి పెట్టు.

వానాకాలం రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ మళ్ళీ కిక్ కొట్టకు. గేజి తీసి చూడు. టీ రంగు కనిపిస్తే నీళ్ళు కలిసినట్టే, తోసుకునే రా. ఆయిల్ తీసి, చౌక ఆయిల్ అదే గ్రేడుది పోసి, ఐదు పది నిమిషాలు మెల్లగా నడిపి, దాన్నీ తీసెయ్యి. ఇంకా తెల్లగా వస్తే ఇంకోసారి. తర్వాతే మంచి ఆయిల్. ఎయిర్ ఫిల్టరు కూడా ఆరబెట్టాలి.

తీసిన ఆయిల్ కాలవలో, చెట్టు మొదట్లో పోయకు. డబ్బాలో పట్టి షెడ్డులో ఇస్తే రీసైక్లింగుకు కొనేవాళ్ళకు వాళ్ళు అమ్ముకుంటారు. గొలుసుకు కూడా అది పూయొద్దు, అందులోని ఇనుప రజను గొలుసును అరగదీస్తుంది. గొలుసుకు 90 నంబరు గేరాయిలే వెయ్యి.

పండక్కి వచ్చేటప్పుడు బావ బండికి ఒక ఆయిల్ డబ్బా, రెండు డ్రెయిన్ వాషర్లు, కుడి కవరు ప్యాకింగు ఒకటి అక్కడి నుంచే తీసుకురా. ఇక్కడ అసలువి దొరకడం లేదు. జాలీ, ఫిల్టరు ఇంటి దగ్గరే కడుగుదాం.

ఇట్లు,
మీ మావయ్య